పరదేశోద్యోగము – యజమాని పూచీ – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నిజామాబాదు పట్టణమున సమావేశమైన యీ మహాసభయందు పరదేశములకు బోవు మన బిడ్డల యుద్యోగములను గూర్చి నాలుగు మాటలు చెప్పబూనితిమి. విద్యార్థి వసతిగృహము, వివాహవ్యయముల తగ్గింపు, నిరుపేదల సహాయము మున్నగు విషయములను మన సంఘము ప్రతివర్షమును చర్చించుచునే యున్నది. అవి యన్నియు నావశ్యకములే. కాని దుబాయి, దోహా, రియాదు, డల్లాసు అను పేరులలో నొకటియైనను వినబడని యిల్లు నేడు మనలో నరుదు. అట్టి యిండ్ల గ్రాసము, పిల్లల చదువు, ఆడపిల్లల పెండ్లి, పాత యప్పు – ఇవి యన్నియు దూరదేశమందలి యొక యజమాని చేవ్రాలుపై నాధారపడియున్నవి. ఆ చేవ్రాలు నిలిచిపోయిననాడు ఏమి చేయవలయునో యెఱిగినవారు మనలో గొలదిమందియే. కావుననే యీ విషయము నెన్నుకొంటిమి.

మొదట మన ప్రాంతపు మాటతోనే యారంభింతము. 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై నిజాంసాగరము నిర్మింపబడిన పిమ్మట ఈ నేలకు నీరు వచ్చెను. నీటివెంట చెఱకు వచ్చెను. 1937లో బోధనునందు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసెను. చెఱకు ఇతర పంటలవంటిది కాదు. వడ్లను రైతు తనకు నచ్చిన బజారునకు దోలుకొని పోవచ్చును. నరికిన చెఱకు నిలువయున్నకొలది తూకమును తగ్గును, తీపియు దగ్గును. అదియును గాక, 1966 నాటి చెఱకు నియంత్రణపు టుత్తరువు ననుసరించి ఒక్కొక్క ఫ్యాక్టరీకి కొన్ని గ్రామములు ప్రత్యేకింపబడుచుండెను. కనుక రైతునకు బోవుటకు ఒకే వాకిలి యుండెను. ఆ వాకిలి తెఱచియున్నన్నాళ్లు బోధను సీమ పచ్చగా నుండెను. 2002లో ఫ్యాక్టరీయందలి యధికభాగము ప్రయివేటు వశమాయెను. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడెను. ఇందు రైతు చేసిన తప్పు లేదు, కార్మికుడు చేసిన తప్పు లేదు. అయినను కష్టము వారి నెత్తినే పడెను. ఒంటివాకిలి బ్రతుకెట్టిదో శక్కర్‌నగరు నెఱిగినవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. యజమాని పూచీపై లభించు వీసాయును అట్టి యొంటివాకిలియే.

ఇంతకన్న ప్రాతదైన యుదాహరణము మఱియొకటి గలదు. మన తెలంగాణమున భగేలా యను పద్ధతి యుండెడిది. పెండ్లికో కఱవుకో దొరయొద్ద దెచ్చిన యప్పు తీరువఱకు మనుష్యుడు ఆ దొర పొలముననే పాటుపడవలయును. విడిచి మఱియొకచోటికి బోరాదు. 1936లో నిజాము ప్రభుత్వమువారు భగేలా యొడంబడికలకు హద్దులు విధించుచు నొక శాసనము గావించిరి. శాసనము హైదరాబాదున నుండెను, భగేలా పల్లెలో నుండెను. అక్షరము రానివానికి ఆ శాసనము నెవరు చదివి చెప్పుదురు? చట్టము చేయు మేలు దాని నెఱిగి, కాగితము చేతబట్టుకొనినవానికే యందును. మేము చెప్పబోవు సంగతులన్నిటికిని ఈ మాటయే మూలమని గ్రహింప బ్రార్థించుచున్నాము.

ఇక గల్ఫు దేశముల విషయము. 1970 తరువాతి దశాబ్దమున చమురు ధరలు పెరిగి ఆ దేశములందు కట్టడములు విరివియైనది మొదలు ఆర్మూరు, బాల్కొండ, భీమగల్లు, మోర్తాడు ప్రాంతములనుండి మనవారు అచ్చటికి బోవుచునే యున్నారు. అచ్చటి పద్ధతికి కఫాలా యని పేరు; కఫాలా యనగా పూచీ. కఫీలు పూచీపడినగాని అకామా లభింపదు; అకామా లేనిదే యుండుటకు వీలులేదు. ఇందలి చిక్కేమనగా, అకామాను గడువులోపల మార్పించవలసినవాడు కఫీలు. గడువు తీరినచో నేరస్థుడగువాడు కార్మికుడు. జీతము రాక వేఱుచోట పనికి బోయెనా, పాఱిపోయెనని కఫీలు ఫిర్యాదు వ్రాయును. దానితో మనవారు ఖల్లివల్లి యని చెప్పుకొను స్థితి ప్రాప్తించును. అటుపిమ్మట ఔట్‌పాసు కొఱకు, ప్రభుత్వములు ప్రకటించు క్షమాభిక్ష కొఱకు ఎదురుచూచుటయే మిగులును.

అయితే అచ్చటి చట్టములును కొంత మాఱినవి. ఖతరు దేశమున 2020 నుండి యజమాని యొక్క అభ్యంతరము లేదను పత్రము లేకయే, నియమితకాలమునకు ముందుగా నోటీసిచ్చి, ఉద్యోగము మార్చుకొను హక్కు గల్గెను. సౌదీ అరేబియాలో 2021 మార్చి నుండి ఒక సంవత్సరము పనిచేసినవాడు యజమాని సమ్మతి లేకయే మఱియొక యజమానిని జేరవచ్చునను ఏర్పాటు వచ్చెను. వరుసగా మూడు నెలలు జీతమియ్యకున్నను, అకామా గడువు తీరనిచ్చినను, సంవత్సరము నిండకయే మారుటకు వీలు గల్పించిరి. కాని యిండ్లలో పనిచేయువారు, ఇంటికారు డ్రైవర్లు, గొఱ్ఱెల కాపరులు ఆ 2021 ఏర్పాటున జేరలేదు. మన పల్లెలనుండి బోవువారిలో అట్టి పనులకు బోవువారు పెక్కుమంది గలరు. కావున వీసాపై వ్రాసియున్న వృత్తి యేదియో చదివించుకొనక విమాన మెక్కుట కన్నులు మూసికొని నూతిలో దిగుటయే.

మన దేశమునందును 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము గలదు. పదవ తరగతి యుత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములు మున్నగు 18 దేశములకు ఉద్యోగార్థమై బోవునప్పుడు వలసదారుల సంరక్షణాధికారి యనుమతి పొందవలయును. దానికి హైదరాబాదున కార్యాలయము గలదు. లైసెన్సుగల ఏజెంటు పుచ్చుకొనదగిన గరిష్ఠరుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. ప్రవాసీ భారతీయ బీమా యోజనయందు రెండేండ్లకు 275 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణించినను శాశ్వతముగా అంగవికలుడైనను 10 లక్షల రూపాయల బీమా లభించును. ఇట్టి యేర్పాటుండగా, లక్షలు వడ్డీకి దెచ్చి, ఆజాద్ వీసా యను మాట నమ్మి, విజిట్ వీసాపై బోవుటవలన సంరక్షణాధికారి పరిశీలనయు, బీమాయు రెండును దాటిపోవుచున్నవి. ఆజాద్ వీసా యనునది ఏ చట్టమునందును లేదు. ఎవడో యొక కఫీలు పేర దీసికొని వేఱొకచోట పనిచేయుటకు పెట్టిన ముద్దుపేరది. 2024లో మన రాష్ట్రప్రభుత్వమువారు గల్ఫు దేశములందు మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయమును ప్రకటించిరి. సహాయము మంచిదే, కాని దానికై దరఖాస్తు పెట్టుకొనవలసిన దుర్దినము రాకుండ జూచుకొనుట మన పని.

గల్ఫునకు బోయిన తండ్రి పంపిన ధనముతో చదువుకొనిన కుమారుడు అమెరికాకు బోవుట మన యిండ్లలో వింత కాదు. అది పెద్ద జీతము, చల్లని గది, మర్యాదగల యుద్యోగము. అందుచేత, తండ్రికుండిన బంధము కుమారునికి లేదని మనము తలంచుచున్నాము. ఇది భ్రమ. హెచ్-1బి యను వీసాయును యజమాని దరఖాస్తు మీదనే లభించును. 1990 నాటి యచ్చటి చట్టముతో నేర్పడిన యీ వీసాలు సాధారణముగా సంవత్సరమునకు 85,000 మాత్రమే. మొదట మూడేండ్లు, మొత్తము ఆఱేండ్లు దీని గడువు. అంతకుమించి నిలుచుటకు గ్రీన్‌కార్డు మార్గమున నడువవలయును. ఆ మార్గమున మూడు మెట్లు గలవు. ఆ పనికి తగిన స్వదేశీయుడు లభింపలేదని కార్మికశాఖయొద్ద ధ్రువపఱచు పర్మ్ మొదటిది. యజమాని పెట్టు ఐ-140 దరఖాస్తు రెండవది. వరుస వచ్చిన పిమ్మట ఉద్యోగి స్వయముగా బెట్టుకొను ఐ-485 మూడవది.

ఆ వరుసయే పెద్ద చిక్కు. ఉద్యోగముల మూలమున సంవత్సరమునకిచ్చు గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందు ఏ యొక్క దేశమునకును నూటికి ఏడు పాళ్లు మించరాదను నియమము గలదు. చిన్న దేశమునకును భారతదేశమునకును ఒకే కొలత. తత్ఫలితముగా 2025 సంవత్సరాంతమున భారతీయుల రెండవ తరగతి వరుస ఇంకను 2013 నాటి దరఖాస్తులయొద్దనే నిలిచియుండెను. పెండ్లికాని పిల్లవాడుగా దరఖాస్తు పెట్టినవాడు, తన బిడ్డలు పాఠశాల ముగించునప్పటికిని వేచియే యుండును. ఆ బిడ్డలు 21 యేండ్లు దాటినచో తండ్రి వీసాయొక్క నీడ వారిపై నుండదు. చట్టమున వయస్సు లెక్కించుటకు కొంత మినహాయింపున్నను, వరుస మిక్కిలి దీర్ఘమైనప్పుడు అది చాలదు. తెలుగుకన్న ఆంగ్లమే యెక్కువగా వచ్చిన యా బిడ్డలకు తాము పెరిగిన దేశముననే పరాయితనము సంభవించును.

ఇన్నియేండ్ల నిరీక్షణలో యజమాని ఉద్యోగమునుండి తొలగించినచో నేమగును? ఇదియే మనవారి నిద్ర హరించు ప్రశ్న. 2017 జనవరి నుండి అమలునందున్న నియమము ప్రకారము, ఉద్యోగము పోయిన పిమ్మట 60 దినముల వఱకు, లేక ఐ-94 పత్రము గడువు అంతకు ముందే తీరినచో నంతవఱకు మాత్రమే, నిలుచుటకు వీలు గలదు. ఆ లోపల క్రొత్త యజమాని హెచ్-1బి దరఖాస్తు దాఖలు చేసినచో, దాని యామోదమునకై వేచియుండకయే పనిలో జేరవచ్చును. ఐ-140 ఒకపరి యామోదింపబడినచో, మోసమో పెద్ద పొరపాటో బయటపడిననే తప్ప, వరుస తేది ఉద్యోగిదే. యజమాని మాఱినను ఆ తేది పోదు. పర్మ్, ఐ-140 మాత్రము క్రొత్తగా పెట్టించుకొనవలయును. ఆమోదము వచ్చి 180 దినములు గడచిన పిమ్మట పాత యజమాని ఉపసంహరించుకొన్నను ఆ యామోదము రద్దు కాదు. ఆఱేండ్ల తరువాతి పొడిగింపునకు దానిని చూపవచ్చును. ఐ-485 దాఖలై 180 దినములు దాటినచో, అట్టిదే యగు మఱియొక యుద్యోగమునకు మారినను దరఖాస్తు నిలుచును. ఈ హక్కులు ఒకరు దయతో నిచ్చునవి కావు, చట్టమున వ్రాసియున్నవి. ఎఱుగని పిల్లవాడు అఱువదిదినములలో నలువది దినములు దుఃఖించుటయందే గడపి, మిగిలిన యిరువదింటిలో చేతికందినవాని కాళ్లుపట్టుకొనుచున్నాడు.

ఇచటనే మోసమునకు చోటు దొరకుచున్నది. ఉద్యోగము లేకుండనే కాగితములు నడుపుదుమని చెప్పు కన్సల్టెన్సీలు గలవు. అట్టివానికి సొమ్ము చెల్లించి వంచితులైన కుటుంబములవారు మాయొద్దకు వచ్చి కంట నీరు పెట్టుకొన్నారు. పేరు లెత్తుట మా యుద్దేశము కాదు. నియమము జెప్పుటయే మా యుద్దేశము. పర్మ్ వ్యయమును ఉద్యోగియొద్ద రాబట్టరాదని 2007 నుండి స్పష్టమైన నిషేధము గలదు. హెచ్-1బి దరఖాస్తు వ్యయములు యజమాని వ్యాపారవ్యయములే. పని చూపకుండ ఖాళీగా గూర్చుండబెట్టినను జీతమియ్యవలసినదే. గడువునకు ముందే తొలగించినచో స్వదేశమునకు మఱలివచ్చు ప్రయాణవ్యయము యజమాని భరింపవలసినదే. కావున కాగితము కొఱకు సొమ్మడుగువాడు మొదటి మాటలోనే చట్టమును దాటుచున్నాడని తెలిసికొనవలయును.

ఇటీవల మార్పులును త్వరత్వరగా వచ్చుచున్నవి. 2025 సెప్టెంబరు 21 నుండి విదేశమునందున్నవారికై పెట్టు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు, పండ్రెండు నెలల కాలమునకు అమెరికా యధ్యక్షుడు ప్రకటన గావించెను. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి వారి సోషల్ మీడియా పరిశీలన యారంభమై, భారతదేశమున నిర్ణయింపబడిన ఇంటర్వ్యూలు పెక్కు మఱుసటి సంవత్సరమునకు నెట్టబడెను. పెండ్లికో, తల్లిదండ్రులను జూచుటకో వచ్చినవారు మఱలిపోలేక యిచటనే చిక్కుకొనిరి. కనుక బిడ్డ పండుగకు రాలేదని నిష్ఠురమాడుటకు ముందు, వాని పాస్‌పోర్టులోని వీసాముద్ర గడువేమియో విచారించుట తల్లిదండ్రులకు ధర్మము.

వివాహసంబంధముల విషయమును జెప్పక యీ ప్రసంగము పూర్తికాదు. గ్రీన్‌కార్డు వచ్చుచున్నదను మాటపై మనలో సంబంధములు స్థిరపడుచున్నవి, కట్నములు పెరుగుచున్నవి. వచ్చుచున్నదనగా నేమి? పర్మ్ దాఖలైనదా? ఐ-140 ఆమోదమైనదా? వరుస తేది యేది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము లేని మాట సంబంధమునకు ఆధారము గాజాలదు. ఐ-140 ఆమోదమైనవాని భార్యకు 2015 నుండి పనిచేయుటకు అనుమతి కోరు హక్కు గలదు; కానిచో చదువుకొనిన పిల్ల యేండ్ల తరబడి యింటనే యుండవలసివచ్చును. వరుని పక్షమువారు దాచుట తప్పు. వధువు పక్షమువారు అడుగుటకు సిగ్గుపడుటయు దప్పే. ఉద్యోగము పోయినవానిని జేతకానివానిగా జూచుట అన్నిటికన్న బెద్ద తప్పు. ఇంటివారి మాటకు వెఱచి నిజము దాచిన పిల్లవాడు సహాయమందవలసిన దినములనే పోగొట్టుకొనుచున్నాడు.

ఇక ప్రతి కుటుంబమును ఆచరింపదగిన కొన్ని పనులను మనవి చేయుచున్నాము.

మొదటిది: పాస్‌పోర్టు, వీసా, ఒడంబడిక, అకామా లేక ఐ-94, జీతపు రసీదులు, ఐ-140 ఆమోదపత్రము – వీనిలో నేవి యున్న వాని నకళ్లు ఉద్యోగియొద్దను, ఇంటియొద్దను ఉండవలయును. ఐ-140 యజమాని పెట్టు దరఖాస్తు గనుక నకలు తనంత తా రాదు. ఉద్యోగమందున్నప్పుడే యడిగి తీసికొనవలయును.

రెండవది: తేదీలు వ్రాసి గోడకు దగిలించవలయును. వీసాముద్ర గడువు వేఱు, నివసించుటకిచ్చిన గడువు వేఱు, పాస్‌పోర్టు గడువు వేఱు. అమెరికాలో బ్రవేశించునప్పుడు పాస్‌పోర్టు గడువు తక్కువగా నున్నచో ఐ-94 గడువును తగ్గవచ్చును. ఆఱేండ్ల గడువు దాటి ఒక్కొక్క సంవత్సరము పొడిగింపు కావలయునన్నచో, పర్మ్ గాని ఐ-140 గాని దాఖలై 365 దినములు గడచియుండవలయును. కనుక అయిదవ యేడు ముగియుటకు ముందే యజమానిని హెచ్చరింపవలయును.

మూడవది: యజమానికొక న్యాయవాది యుండును, ఆయన యజమాని మేలు జూచును. చిక్కు వచ్చినప్పుడు తన పక్షమున వేఱొక న్యాయవాదిని సంప్రదించుటకు కొంత సొమ్ము ముందుగనే కూడబెట్టుకొనవలయును. గల్ఫునందున్నవాడు భారత రాయబార కార్యాలయమును, మదద్ పోర్టలును ఆశ్రయింపవలయును. 2009లో నేర్పడిన భారతీయ సమాజ సంక్షేమనిధి యట్టివారికొఱకే గలదు.

నాల్గవది: ఈ కాగితములను ఇంటి యిల్లాలు చదువనేర్వవలయును. ఆపద వచ్చిననాడు కలెక్టరు కచ్చేరికి గాని, హైదరాబాదునకు గాని బరువెత్తునది ఆమెయే.

ఇక సంఘము కర్తవ్యము. నిజామాబాదునందలి మన భవనమున వారమున కొకదినము ప్రయాణమగువారి పత్రములు చదివి చెప్పుటకు, ఏజెంటు లైసెన్సును ఈ-మైగ్రేట్ జాబితాలో సరిచూచుటకు, విద్యావంతులగు యువకు లిరువురను నియమింప గోరుచున్నాము. బోధను, ఆర్మూరు శాఖలయందును అట్టి యేర్పాటు గావలయును. అమెరికాయందును గల్ఫునందును స్థిరపడిన మన కులబాంధవులు, అఱువది దినముల గండమున నున్నవానికి ఉద్యోగవార్త నందించుటకును, అకామా పోయినవానిని రాయబార కార్యాలయమునకు గొనిపోవుటకును పూనుకొనవలయును. పోషకమహాశయులు వసతిగృహమున కొక గది గట్టించినట్లే, మఱలివచ్చినవారికి వడ్డీలేని ఋణమిచ్చుటకు నొక నిధిని స్థాపింతురేని, అప్పు భయముచేత ఖల్లివల్లియై పరదేశమున దాగియున్న యెందఱో తండ్రులు తమ బిడ్డల మొగము జూచుకొందురు. ఈ మూడు విషయములను తీర్మానరూపమున సభవారి ముందుంచుచున్నాము.

1860లో మదరాసు రేవునుండి నేటాలునకు బోయిన మొదటి ఓడలో నెక్కిన కూలీలు ఒడంబడికచే యజమానికి గట్టుబడిపోయిరి. వారిలో ననేకులకు ఒడంబడికలో నేమి వ్రాసియున్నదో తెలియదు. వ్రేలిముద్రతో వారి బ్రతుకు నిర్ణయమయ్యెను. నేడు మన బిడ్డలకు అక్షరము వచ్చును, తంతి వార్తకన్న వేగముగ వార్త వచ్చును, సంఘమున్నది, పోషకులున్నారు. పూచీ యజమానిదే యగుగాక. పత్రము, తేది, తెలివి మనవిగా నుండవలయును. అట్లుండుటకు తోడ్పడుట యీ మహాసభకు శోభ.